నడిమి గుట్ట

ఆరుగురం మిగిలాం. సీట్లు ఐదే.

మా విన్నెమకా ఊరి కాసినోలో ఏటా మార్చి నెలలో పెట్టే పోకర్ పోటీ ఇది. గెలిచినవాళ్ళకి డబ్బివ్వరు. ఎండాకాలంలో లాస్ వెగాస్‌లో జరిగే పెద్ద పోటీలో కూర్చునే హక్కు ఇస్తారు, తలా ఒక సీటు. పందెం బిళ్ళలన్నీ కుప్పేసుకున్నవాడికీ ఒకటే సీటు, ఒక్క బిళ్ళతో మిగిలినవాడికీ ఒకటే సీటు. ఆరోవాడికి మాత్రం పోటీ నడిపే మార్లీన్ భుజం తట్టి, వంటింట్లోంచి గొర్రెమాంసం పులుసు ఒక గిన్నెడు ఇప్పిస్తుంది. మా అన్నయ్య బెన్యాట్ ఆ పులుసు ఎన్నిసార్లు తిన్నాడో వంటవాడినడగాలి. ఆరో కుర్చీని మా ఊళ్ళో బెన్యాట్ కుర్చీ అనే అంటారు. మొహం మీదే అంటారు. అన్నయ్య కూడా వాళ్ళతో కలిసి నవ్వుతాడు, నాకే ఒళ్ళు మండుతుంది.

ఈ ఏడు నవ్వడం లేదు. పొద్దున బయల్దేరేటప్పుడు ట్రక్కులోనే చెప్పాడు.

"ఇదే ఆఖరు, గ్రాచీ. సీటొస్తే వెగాస్ వెళ్తా. రాకపోతే ఇక పేక ముట్టను."

"ఏటా చెప్పే మాటేగా," అన్నాను.

"ఏటా నాకు రెండు కళ్ళుండేవి."

ఎడమ కన్ను కిందటి చలికాలంలో పోయింది. కుడిది బాగానే ఉందని రీనోలో డాక్టరు చెప్పాడట. 'చెప్పాడట' అని ఎందుకంటున్నానంటే, అంత దూరం బండి తోలుకొచ్చిన నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి తనొక్కడే లోపలికి వెళ్ళాడు. వచ్చి "బాగుందన్నాడు, పద" అన్నాడు. నేను నమ్మాను. నమ్మడం తేలిక కాబట్టి నమ్మాను.

నేను కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాను. ఎదురొచ్చినదాన్ని తోసెయ్యడం నా ఉద్యోగం, నా గుణం కూడా. అందుకే నా దగ్గర మొగుడు నిలవలేదు, కుక్క మాత్రం నిలిచింది. ఇలాంటి దానికి పేక నేర్పాలంటే భూదేవికున్నంత ఓర్పుండాలి. అన్నయ్యకుంది. మా అమ్మ వంటింటి బల్ల మీద ఎండు చిక్కుడు గింజలు మూడు గుట్టలు పోసి మొదలెట్టాడు.

"ఇది పెద్ద గుట్ట. వీడికి భయం లేదు, ఓడినా ఇంకా మిగుల్తాయి. ఇది చిన్న గుట్ట. వీడికీ భయం లేదు, పోయేదేముంది గనక? భయపడాల్సింది నడిమి గుట్టవాడు. పోగొట్టుకోడానికి సరిపడా ఉంటాయి, పోగొట్టుకుని బతకడానికి ఉండవు."

"మరి వాడేం చెయ్యాలి?"

"పెద్దవాడు మీదికొస్తే తప్పుకోవాలి, చేతిలో ఎంత మంచి ముక్కలున్నా సరే. చిన్నవాడు మీదికొస్తే కొట్టాలి. వాడు గెలిచినా నిన్ను చంపలేడు. మిగతా సేపంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి."

"అదేం ఆటరా అన్నయ్యా, పిరికితనం కాకపోతే!"

"పొట్టేలు కొండని ఢీకొంటే కొండకేమవుతుందే?"

గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టినదాన్ని, ఆ పొట్టేలు ఎవరో నాకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో రోగం కూడా ఉంది నాకు. మంచి ముక్కలు పడితే మెడ ఎర్రబడుతుంది. మొహం మామూలుగానే ఉంటుంది, చేతులు వణకవు, గొంతుకింద నుంచి చెవుల దాకా మాత్రం కందిపోతుంది. దాన్ని మొదట పసిగట్టింది అన్నయ్యే. అన్నయ్య ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. నలభై ఏళ్ళుగా నేను పందెం కాసే ముందు అన్నయ్య చూపు నా మెడ మీదికే వస్తుంది. ఎర్రగా కనిపించిందా, నవ్వుకుంటూ తన ముక్కలు పడేస్తాడు. ఇంతవరకు నా మంచి చేతిలో ఒక్క బిళ్ళ కూడా పోగొట్టుకోలేదు. "నీ వంతు రాకముందే ముక్కలెత్తి చూడకే. చూసిన క్షణం నుంచి నీ మెడ అందరికీ చెప్పేస్తుంది" అని ఎన్నిసార్లు తిట్టాడో. నేను వింటేగా.

ఆఖరి బల్ల దగ్గర మేమిద్దరం ఎదురెదురుగా పడగానే మార్లీన్ మా మధ్య వచ్చి నిలబడింది.

"ఒక్కసారే చెప్తా, ఇరిబార్నె వారూ. మీరు అన్నాచెల్లెళ్ళన్న సంగతి నాకు తెలుసు, బల్ల మొత్తానికీ తెలుసు. ఒకరి మీద ఒకరు మెత్తగా ఆడారని నాకనిపించిందా, ఇద్దర్నీ లేపేస్తాను. సరేనా?"

"మెత్తగానా? ఇదా?" అన్నాడు అన్నయ్య నన్ను చూపించి. అందరూ నవ్వారు.

బల్ల మీద కొండ కోల్బ్‌ది. బంగారు గనిలో పెద్ద లారీలు తోలతాడు, మాట కూడా ఆ లారీ శబ్దంలాగే ఉంటుంది. మా అందరి బిళ్ళలూ కలిపినా వాడి గుట్టంత లేవేమో. తర్వాత నావి, రిటైరైన పోలీసు హచిన్స్‌వి, మందుల షాపు డెల్బర్ట్‌వి, మూడూ ఇంచుమించు ఒకే ఎత్తు. ఆ కింద అన్నయ్యవి. అందరికన్నా తక్కువ వాండావి. వాండా మా ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకి జుట్టు కత్తిరిస్తుంది, నాకూ తనే. మెడలో శిలువని పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది.

బల్ల చుట్టూ వంతులవారీగా, పక్కపక్క ఇద్దరు, ఒకరు చిన్నది, ఒకరు పెద్దది, ముక్కలు చూడకుండానే పెట్టాల్సిన వంతు పందెం ఒకటుంటుంది. అది తిరిగి తిరిగి మన దగ్గరికొచ్చినప్పుడల్లా గుట్ట కొంచెం కరుగుతుంది. అంచేత కూర్చునే కూడా చావొచ్చు. చిన్న గుట్టవాళ్ళు ముందు చస్తారు, అంతే తేడా.

కోల్బ్‌కి ఆ లెక్క బాగా తెలుసు. ఒకడు పోతే తప్ప ఎవరికీ సీటు ఖాయం కాదు గనక ఎవడూ ధైర్యం చెయ్యడు. వాడు మాత్రం వంతు వచ్చినప్పుడల్లా "మొత్తం" అంటున్నాడు. గుట్టంతా పందెమని అర్థం. చేత్తో తొయ్యడం కూడా లేదు, గడ్డం ఎగరేసి "మొత్తం". మేం వరసగా ముక్కలు పడేస్తున్నాం. వాడు మా వంతు పందేలు నోట్లో బఠాణీలు వేసుకున్నట్టు వేసుకుంటున్నాడు.

అలాంటి ఒక చేతిలో, వంతు పందెం నాది. ముక్కలు పడగానే, నా పాడలవాటు, మూల ఎత్తి చూశాను.

ఇస్పేటు ఆసు. దాని వెనక ఆఠీను ఆసు.

ఇంతకు మించిన ముక్కలు ఈ ఆటలో లేవు. మెడ భగ్గుమంది. అన్నయ్య అలవాటు చొప్పున నా వైపు తిరిగాడు, చూశాడు, తన ముక్కలు పడేశాడు. అన్నయ్యకి తెలిసిపోయింది అనుకున్నాను.

"మొత్తం," అన్నాడు కోల్బ్.

మిగిలినవాళ్ళు అప్పటికే పడేశారు. నా దాకా వచ్చింది.

"ఏంటమ్మా గ్రాచమ్మా, మంచు తోసినంత తేలిక కాదా?" అన్నాడు వాడు. "రా, నీ బండి ఎక్కించు నా మీదికి. రోడ్డు ఖాళీగానే ఉంది."

నా చేతులు బిళ్ళల మీదికి వెళ్ళిపోయాయి. వాడి దగ్గర చెత్త ఉందని నాకు తెలుసు, నూటికి ఎనభై సార్లు గెలుస్తానని తెలుసు. గెలిస్తే వాడి నోరు మూయించొచ్చు. కానీ గెలిస్తే వచ్చేదేమిటి? అదే సీటు. ఊరికే కూర్చున్నా వచ్చేలా ఉన్న సీటు. ఆ మిగిలిన ఇరవైలో పడితే? ఇంటికి. వాండా నా కన్నా ముందు పోయేలా ఉంది. అన్నయ్య కూడా.

ఆ మాట మనసులో అనుకున్నాక గానీ అదెంత పాడు మాటో నాకు తెలియలేదు. నడిమి గుట్టవాడి ఓపికంటే కిందివాడి చావుకోసం కాచుకుని కూర్చోవడమే. ఆ పాఠం చెప్పినవాడే నా కింద కూర్చున్నాడు.

రెండు ఆసులూ బోర్లా తోసేశాను.

కోల్బ్ తన ముక్కలు తిరగేసి బల్ల మీద పరిచాడు. ఏడు, రెండు. ఈ ఆటలో అంతకన్నా దరిద్రపు ముక్కలు ఉండవు.

"చూశారా! దీనికి పారిపోయింది!" అని తొడ కొట్టాడు. "గ్రాచమ్మా, నువ్వు పడేసిందేంటి? పోనీ నాలుగూ మూడా?"

"నీ బుర్ర," అన్నాను. "దాన్లో ఏమీ లేదు, అందుకే పడేశా."

డెల్బర్ట్ కిసుక్కుమన్నాడు. మార్లీన్ నావైపు వేలు చూపించింది. నేను నోరు మూసుకుని ఒళ్ళో చేతులు పెట్టుకున్నాను. లోపల పొట్టేలు గోడకి తల కొట్టుకుంటూనే ఉంది.

కాసేపు విరామమిచ్చారు. నేనూ అన్నయ్యా కిటికీ దగ్గర నిలబడి కాఫీ తాగాం. బయట మంచు పడుతోంది, నా బదులు ఇవాళ ఎవడో కొత్తవాడు బండి తోలుతున్నాడు, మెయిన్ రోడ్డు మలుపు దగ్గర ఎలా తోశాడో ఇక్కడి నుంచే కనిపిస్తోంది, ఏడ్చినట్టుంది.

"ఇందాక కోల్బ్ మీద ఏం పడేశావ్?" అన్నాడు అన్నయ్య.

అయిపోయిన చేతి గురించి మాట్లాడుకోవచ్చు, తప్పులేదు. కానీ అన్నయ్య నన్ను అడగాల్సిన ప్రశ్న కాదది.

"నువ్వు చూశావుగా," అన్నాను.

"చూశాలే. మెడ తెల్లగా పాలిపోయింది. ఏదో చెత్త."

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. నాకు చురుక్కుమని, "అవును, చెత్తే" అన్నాను. అన్నయ్య తలూపి కాఫీ ఊదుకున్నాడు. పెదాల చివర నవ్వు కనిపిస్తుందేమోనని చూశాను. లేదు. కాలరు ఎగేసుకున్నానేమోనని తడుముకున్నాను. మెడ బోసిగానే ఉంది.

"అన్నయ్యా, నువ్వూ నేనూ తగులుకుంటే?"

"తగులుకుంటే ఏంటి? బల్ల దగ్గర నువ్వెవరో నేనెవరో. పడెయ్యాల్సినవి పడెయ్, కొట్టాల్సినప్పుడు కొట్టు." కప్పు కిటికీ అంచు మీద పెట్టబోయాడు, అంచుకి కొంచెం ఇవతల పెట్టాడు. నేను పట్టుకున్నాను. "నా మీద జాలి చూపించావో, ఆదివారం భోజనానికి నా గడప తొక్కకు. నిజంగా చెప్తున్నా."

"కప్పు పడిపోయేది."

"చల్లారింది, అందుకే వదిలేశా," అన్నాడు.

మార్లీన్ గంట కొట్టింది.

తిరిగి కూర్చున్నాక మొదటి చేతిలోనే వాండా ఉన్నదంతా పెట్టేసింది. హచిన్స్ అంతే పెట్టి ఒప్పుకున్నాడు. అందరం మెడలు సాచాం. ఇది పోతే అయిపోయినట్టే, అందరం వెగాస్. నేను వాండా ఓడిపోవాలని కోరుకున్నాను, దాస్తే దాగదు. బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా పడే ఐదు ముక్కల్లో ఆఖరిదాంతో వాండాకి పదుల జత కలిసింది. తను కుర్చీలోంచి లేచి, శిలువ ముద్దుపెట్టుకుని, మళ్ళీ కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు వాండా గుట్ట మా అన్నయ్య గుట్ట కన్నా కొంచెం ఎత్తు. హచిన్స్ గుట్ట కొంచెం కరిగినా అన్నయ్య దానికన్నా పెద్దదే.

బల్ల మీద చివరి వాడు అన్నయ్య. అందరి చూపులూ వాండా మీంచి లేచి అన్నయ్య మీద వాలాయి. నాకు ఒక్కొక్కడి కళ్ళూ పీకేద్దామనిపించింది. అప్పటిదాకా నేనూ అదే చూపు వాండా మీద పెట్టానన్నది వేరే సంగతి.

వంతు పందెం ఒకసారి అన్నయ్య దగ్గరికొచ్చింది, కోల్బ్ తినేశాడు. ఇంకోసారి వస్తే మిగిలేవి గుప్పెడు కూడా ఉండవు. అంతలోపల ఎక్కడో ఒకచోట తెగించాల్సిందే.

ఆ చేతిలో పెద్ద వంతు పందెం నాది. నాకు ముందు కోల్బ్ చిన్న వంతు పందెం పెట్టాడు. వాడికి ముందు అన్నయ్య.

పంచే అమ్మాయి ముక్కలు విసరగానే మళ్ళీ మూల ఎత్తాను. ఎన్ని తిట్లు తిన్నా పోని అలవాటు. డైమను రాణి. ఇస్పేటు రాణి.

మెడ వేడెక్కింది. చెవుల దాకా పాకింది. ఎదురుగా అద్దాల గోడలో నాకే కనిపిస్తోంది, పండు మిరపకాయలా ఉన్నాను.

డెల్బర్ట్ పడేశాడు. వాండా పడేసింది. హచిన్స్ పడేశాడు. అన్నయ్య తన ముక్కలు కుడికంటి దగ్గరికి, ముక్కుకి ఆనేంత దగ్గరగా తెచ్చుకుని చూశాడు. తర్వాత తల ఎత్తి నా వైపు తిరిగాడు. నలభై ఏళ్ళుగా తిరిగినట్టే. చూపు సరిగ్గా నా మెడ మీదే నిలిచింది. అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

పడెయ్, అనుకున్నాను. కనిపిస్తోందిగా. ఇంత ఎర్రగా నా జన్మలో అయ్యుండదు. పడెయ్ అన్నయ్యా.

అన్నయ్య రెండు చేతులతో బిళ్ళలన్నీ దగ్గరికి చేర్చి ముందుకి తోశాడు.

"మొత్తం."

కాఫీ కప్పు గుర్తొచ్చింది. తెల్లగా పాలిపోయిందన్న మాట గుర్తొచ్చింది. రీనోలో బెంచీ గుర్తొచ్చింది. వెక్కిరింత కాదు, ఏదీ కాదు. అన్నయ్యకి నా మెడ కనిపించడం లేదు. బల్లకి అవతల నేను కూర్చున్నానని తెలుసు, అంతే. చూస్తున్నట్టు నటించి, గుడ్డిగా ఒక మాట ఊహించుకుని, ఉన్నదంతా తోసేశాడు.

కోల్బ్ తన ముక్కలు చూడనైనా చూడలేదు. వేలితో తోసేసి కుర్చీలో వెనక్కి వాలాడు. "నాకెందుకమ్మా మధ్యలో. అన్నాచెల్లెళ్ళు, ఇంటి విషయం. చెల్లెమ్మ ఏదో కానుక ఇచ్చుకుంటుందేమో."

"కోల్బ్!" అంది మార్లీన్. వచ్చి నా వెనకే నిలబడింది. తన సెంటు వాసన నా భుజం మీద ఉంది.

నా రెండు రాణులూ నా వేళ్ళ కింద ఉన్నాయి. ఏం కష్టం? ఇందాక రెండు ఆసులు పడేశాను, ఎవరికి తెలిసింది? బోర్లా పోయిన ముక్కలు పంచే అమ్మాయి దొంతరలో కలిసిపోతాయి. మార్లీన్‌కి కూడా తెలియదు. చెత్త పడింది, పడేశాను. అన్నయ్యకి నా వంతు పందెం దక్కుతుంది, ఇంకో రెండు మూడు చేతులు బతుకుతాడు, ఈలోగా ఎవడైనా పోవచ్చు. వెగాస్ వెళ్తాడు. అక్కడ గుడ్డిగా కూర్చుంటాడు సరే, కూర్చుంటాడు. రేపు 'ఏం పడేశావే' అని అడిగితే 'చెత్త' అంటాను. నమ్ముతాడు.

నమ్ముతాడు. అక్కడే నా చెయ్యి ఆగిపోయింది. నలభై ఏళ్ళలో నేను అన్నయ్యకి ఒక్క అబద్ధం చెప్పి నెగ్గలేదు. ఇవాళ కాఫీ దగ్గర చెప్పాను, నెగ్గింది. ఇది రెండోది. ఇలా మొదలుపెడితే ఇక ఆయన బతికినన్నాళ్ళూ నేను చెప్పిందే ఆయనకి లోకం.

పక్కకి చూశాను. వాండా శిలువ మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకుంది. నేను అన్నయ్యని వదిలేస్తే తర్వాత గొంతు తెగేది తనదే కావచ్చు. తనకి ఆ సంగతి తెలుసు, నన్నే చూస్తోంది. నెలనెలా నా తల తన చేతుల్లో పెడతాను నేను.

చిన్నవాడు మీదికొస్తే కొట్టాలి. వాడు గెలిచినా నిన్ను చంపలేడు. ఎండు చిక్కుడు గింజల శబ్దం వినిపిస్తోంది నాకు.

"గ్రాచీ," అన్నాడు అన్నయ్య మెల్లిగా, "నిద్రపోయావా?"

"ఒప్పుకుంటున్నా," అన్నాను.

ముక్కలు తిరగేశాం. అన్నయ్యవి కళావరు ఆసు, డైమను తొమ్మిది. నావి రెండు రాణులు. బల్ల మధ్యలో, దీపం కింద, అందరికీ కనిపించేలా పడి ఉన్నాయి.

అన్నయ్య ముందుకి వంగాడు. ఇంకా వంగాడు. తల పక్కకి తిప్పాడు.

"నీవేంటి?" అని అడిగాడు.

హచిన్స్ తల దించుకున్నాడు. పంచే అమ్మాయి దొంతర పట్టుకుని మార్లీన్ వైపు చూసింది.

"రాణుల జత," అన్నాను.

"ఓహో." "సరే. నాకు ఆసు కావాలన్నమాట. పడే ముక్కలు చదువు గ్రాచీ."

"అన్నయ్యా..."

"చదవవే. అమ్మాయీ, నువ్వు వెయ్యి. మా చెల్లెలు చదువుతుంది."

మార్లీన్ తలూపింది. మొదటి మూడు ఉమ్మడి ముక్కలు పడ్డాయి.

"కళావరు నాలుగు," అన్నాను. "ఇస్పేటు ఎనిమిది." మూడోది చూసి నా ప్రాణం లేచొచ్చింది. "ఆఠీను ఆసు! అన్నయ్యా, ఆసు పడింది, నీదే పైచెయ్యి!"

డెల్బర్ట్ ఎందుకో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. అన్నయ్య నవ్వలేదు గానీ భుజాలు కిందికి దిగాయి.

"ఇంకా రెండున్నాయి. అరవకు. చదువు."

"డైమను ఆరు. ఏం కాలేదు. ఇంకా నీదే."

ఒక్క ముక్క మిగిలింది. దొంతరలో రాణులు రెండే ఉన్నాయి. అవి తప్ప ఏదొచ్చినా అన్నయ్య బతుకుతాడు, బిళ్ళలు రెట్టింపవుతాయి, నేను కొంచెం నష్టపోతాను, అంతే కదా. నా ముక్కలు ఓడిపోవాలని నేను దేవుడికి మొక్కడం అదే మొదలు. నాలుక కొరుక్కున్నాను, ఉప్పగా తగిలింది.

అమ్మాయి ఆనవాయితీ ప్రకారం పై ముక్క బోర్లా పక్కన పెట్టి, ఆఖరిది తీసి తిరగేసింది.

వాండా గుప్పిట్లో ఉన్న శిలువ గొలుసు టప్పుమని తెగింది. అన్నయ్య చెవి నా వైపు పెట్టి కూర్చున్నాడు.

నేను ఏం చెప్తే అదే ఆయనకి ముక్క. ఆ క్షణంలో ప్రపంచంలో ఉన్న ఏ ముక్కైనా నేను చెప్పొచ్చు.

"గ్రాచీ?"

"కళావరు..." అన్నాను. "కళావరు రాణి."

అన్నయ్య మెల్లిగా తలూపాడు. తన ముందు బల్లని అరచేత్తో ఒకసారి నిమిరాడు. అక్కడ బిళ్ళలేమీ లేవు.

"మంచి ముక్క," అన్నాడు. "ఎవరో పోయినట్టు చెప్పావేంటే? రాణి పడితే గట్టిగా చెప్పాలి."

పోటీ అయిపోయింది. ఐదుగురం వెగాస్ వెళ్తున్నాం. ఏటా ఈ క్షణంలో బల్లలు బాదుతారు, కేకలు వేస్తారు, కోల్బ్ లాంటివాళ్ళు అందరికీ పీకోన్ మద్యం పోయిస్తారు. ఇవాళ మార్లీన్ పేర్లు చదువుతుంటే సంతలో ధరలు చదివినట్టుంది. అన్నయ్య లేచి, కుర్చీల వీపులు ఒకదాని తర్వాత ఒకటి చేత్తో తాకుతూ నడుస్తున్నాడు. దారిలో అడ్డంగా ఉన్న తన కుర్చీని కోల్బ్ చప్పుడు కాకుండా పక్కకి జరిపాడు. వాడి మీద నాకున్న కోపం అంతా పోలేదు, కొంత పోయింది.

కాఫీలు అమ్మే చోట మూల బల్ల దగ్గర అన్నయ్య ముందు పులుసు గిన్నె పెట్టి ఉంది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. మొదట కోపమే వచ్చింది నాకు, ఏడుపు తర్వాతొచ్చింది.

"ఎన్నాళ్ళైంది?"

"పులుసు బాగుంది. ఉప్పు తక్కువ."

"అన్నయ్యా, ఎన్నాళ్ళైంది కనపడక?"

"మొత్తం పోలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కనిపిస్తాయి. దూరంగా అంతా బూడిదే." చెంచాతో గిన్నె అంచు వెతుక్కున్నాడు. "బల్లకి అవతల మనుషులుంటారు. మొహాలుండవు."

"నాతో చెప్పుంటే..."

"చెప్పుంటే ఏం చేసేదానివి? రాణులు పడేసేదానివి."

చెప్పుంటే నిజంగానే పడేసేదాన్ని. చెప్పకపోయినా సగం దాకా వెళ్ళాను.

"నా సీటు నువ్వు తీసుకో," అన్నాను.

"మార్లీన్ ఒప్పుకోదు. నేనసలే ఒప్పుకోను. ఇంకోసారన్నావంటే ఈ పులుసు నీ నెత్తిన పోస్తా."

కాసేపు తిన్నాడు. నేను కళ్ళు తుడుచుకున్నాను. చప్పుడు రాకుండానే తుడుచుకున్నాను, అయినా తెలిసింది.

"గ్రాచీ. ఆ చేతిలో నీ మెడ ఎర్రగా ఉందా?"

"ఉంది."

"బాగా?"

"చెవుల దాకా. మరి కోల్బ్ మీద పడేసినవి కూడా చెత్త కాదు అన్నయ్యా. ఆసుల జత."

చెంచా గాల్లో ఆగిపోయింది. ఆ రోజంతటిలో మొదటిసారి అన్నయ్య పెద్దగా, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆసుల జత పడేశావా! నువ్వా! పొట్టేలు తప్పుకుందా?" నవ్వి నవ్వి దగ్గొచ్చింది. నేను నీళ్ళ గ్లాసు చేతికందించాను. తాగి, గ్లాసు బల్ల మీద పెట్టే ముందు చేత్తో అంచు ఎక్కడుందో తడిమి చూసుకున్నాడు. ఇక నా దగ్గర దాచక్కర్లేదు.

"అయితే వెగాస్‌కి పనికొస్తావ్," అన్నాడు. "ఒక్కటే గుర్తుపెట్టుకో. వంతు రాకముందే ముక్కలెత్తి చూడకు. నాకంటే కనపడలేదు. అక్కడ అందరికీ కళ్ళుంటాయి."